బీమా ఉంటే ఆసుపత్రి బిల్లు ఎటు మొగ్గుతుంది, ఎలా కనిపెట్టాలి?

అడ్మిషన్‌కు ముందే బీమా డెస్క్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: ఈ చికిత్సకు బీమా కంపెనీ డబ్బు కట్టేది విడివిడి రేట్ల మీదా (ఒక్కో పరీక్షకూ, విజిట్‌కూ ఇంత అని), ప్యాకేజీ మీదా (మొత్తం చికిత్సకు ఒకే ధర), రోజుల లెక్కనా? సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

విడివిడి రేట్లయితే ప్రతి పరీక్షా ఆసుపత్రికి ఆదాయమే. స్కాన్లు, డాక్టర్ విజిట్లు పెరిగేది ఇక్కడే. పాత రిపోర్టులు చేతిలో ఉంచుకోండి. "దీని ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా?" అని ప్రతి పరీక్షకూ అడగండి.

ప్యాకేజీలో గాలి ఎదురు తిరుగుతుంది. ఖర్చు తగ్గించిన కొద్దీ ఆసుపత్రికి మిగులు, అందుకే త్వరగా ఇంటికి పంపాలని చూస్తుంది. 1983లో అమెరికాలో ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్, జబ్బును బట్టి ముందే ఖరారు చేసిన మొత్తం ఇవ్వడం మొదలుపెట్టాక రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. అనవసరపు రోజులు తగ్గితే మేలే, కోలుకోకముందే పంపేస్తేనే చిక్కు. ఇంప్లాంట్, ఐసీయూ రోజులు, తర్వాతి చెకప్ ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాయించుకోండి. తీవ్రత పెంచి రాస్తే పెద్ద ప్యాకేజీ వస్తుంది కాబట్టి, డిశ్చార్జి సమ్మరీలో మీకెవరూ చెప్పని జబ్బు కనిపిస్తే అక్కడే నిలదీయండి.

రోజుల లెక్కలో ఖర్చు ఎక్కువగా మొదటి రోజుల్లోనే. చివరి రోజులు ఆసుపత్రికి లాభం, అందుకే డిశ్చార్జి జాప్యం కావచ్చు.

ఇక మీ వాటా. ఆసుపత్రి తన రేట్ల పట్టికలో రాసుకున్న జాబితా ధర 1,00,000, బీమా కంపెనీతో కుదిరిన రేటు 60,000 అనుకుందాం. డిడక్టబుల్ (బీమా ఇవ్వడం మొదలుపెట్టే ముందు మీరు కట్టాల్సింది) 10,000, కో-పే (ఆ తర్వాతి మొత్తంలో మీ వాటా) 20 శాతం. ముందు 10,000 మీది. మిగిలిన 50,000లో ఐదో వంతు మరో 10,000. మొత్తం 20,000. అదే నెట్‌వర్క్ బయటి, అంటే బీమా కంపెనీతో ఒప్పందం లేని ఆసుపత్రికి వెళ్తే? బీమా అదే 60,000నే లెక్కలోకి తీసుకుని 40,000 ఇస్తే, తక్కిన 60,000 మీ నెత్తినే పడొచ్చు.

జాబితా ధర అంతెందుకు? ఒప్పందం "జాబితా ధరలో ఇంత శాతం" అని ఉంటే, జాబితాను పెంచుకోవడమే ఆసుపత్రికి తేలిక. బీమా లేనివాళ్లకు తరచూ పడేది ఆ పెరిగిన ధరే. వాళ్లు చికిత్సకు ముందే నగదు రేటు అడిగి బేరమాడాలి.

ఆపరేషన్ అయితే మరొకటి చూడండి. ఆసుపత్రి, సర్జన్ నెట్‌వర్క్‌లోనే ఉన్నా మత్తు డాక్టర్ ఉండకపోవచ్చు. అప్పుడు ఆయన బిల్లు వేరేగా రావచ్చు. ఆ పేరు ముందే కనుక్కుని బీమా కంపెనీకి ఫోన్ చేయండి.