మామిడి రైతుకు పనికొచ్చే కరపత్రం ఎలా తయారు చేయాలి?

చిత్తూరు జిల్లాలో మామిడి రైతు చేతికి వచ్చే కాగితాలకు కొదవ లేదు. రైతు సేవా కేంద్రంలో ఇచ్చేవి, సమావేశాల్లో పంచేవి, మందుల కంపెనీల రంగురంగుల బ్రోచర్లు. చాలావాటిలో సమాచారం సరైనదే ఉంటుంది. అయినా పూత మీద తేనెమంచు పురుగు కనబడిన రోజున రైతు ఆ కాగితం తీయడు. నేరుగా మందుల అంగడికి పోయి, వాళ్లు ఏది చేతిలో పెడితే అది తెచ్చి కొడతాడు. మందు కలిపే డ్రమ్ము ముందు నిలబడినప్పుడు తీసి చూసుకునేలా కాగితాన్ని తయారు చేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. గ్రామ ఉద్యాన సహాయకులకు, రైతు సంఘాల వాళ్లకు, ఊళ్లో నలుగురికీ ఏదైనా చేయాలనుకునే చదువుకున్న పిల్లలకు ఇది ఉపయోగపడాలి.

ఒక కాగితానికి ఒకే పని

మొక్క నాటడం నుంచి కాయ కోత దాకా అంతా ఒకే కాగితంలో ఇరికిస్తే, ఏ రోజు తీసి చూసినా ఆ రోజుకు కావలసిన ముక్క దొరకదు. పనిని బట్టి విడగొట్టండి. కోత అయిపోయాక కొమ్మల కత్తిరింపు గురించి ఒకటి, పూత సమయంలో తేనెమంచు పురుగు, బూడిద తెగులు గురించి ఒకటి, కాయ ఎదిగేటప్పుడు పండు ఈగ ఎరల గురించి ఇంకొకటి. శీర్షిక కూడా పనే చెప్పాలి. ‘తేనెమంచు పురుగు – సమగ్ర యాజమాన్యం’ అని పెడితే అది పాఠం పేరులా ఉంటుంది. ‘పూమొగ్గ కనబడగానే మొదటి మందు, పూలు విచ్చుకున్నాక ఆపండి’ అని పెడితే మిగతాది చదవకపోయినా సగం పని అయినట్టే.

పని ఖాయమైతే తేదీ కూడా దానంతటదే ఖాయమవుతుంది. పూత కాగితం నవంబరు చివరికల్లా ఊళ్లో ఉండాలి. కత్తిరింపు కాగితం తోతాపురి రకం మామిడి కోతలు ముగిసే జూలైకి, పండు ఈగ ఎరల కాగితం ఏప్రిల్‌కు అందాలి. నెల ఆలస్యమైతే ఎంత బాగా రాసినా లాభం లేదు.

విషయం ఎవరిని అడగాలి

సొంతంగా రాయకండి. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన స్థానం ఉన్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాలూ ఉన్నాయి. మండల ఉద్యాన అధికారి ఉండనే ఉంటారు. మందు పేరు, మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అనే మూడింటినీ వాళ్ల చేత రాయించుకుని, చివరి ప్రతి కూడా వాళ్లకు చూపించండి. మన కాయలు ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతాయి, ఆ గుజ్జు విదేశాలకు పోతుంది. అక్కడ మందు అవశేషాలు పరీక్షిస్తారు కాబట్టి ఆ మూడో విషయం మరిచిపోకూడదు.

ఇంకో మాట. 2025 సీజన్‌లో ధర పడిపోయి, తోతాపురి కిలోకు 12 రూపాయలు దక్కాలంటే ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. కాయలు కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్ల వరుసలో రోజుల తరబడి కాచుకున్న రైతుకు ఇంకో ఖర్చు చెప్పేముందు, ఏ ఖర్చు అక్కర్లేదో చెప్పండి. పూలు పూర్తిగా విచ్చుకున్నప్పుడు మందు కొడితే పుప్పొడి మోసే ఈగలు, తేనెటీగలు చచ్చి పిందె కట్టడం తగ్గుతుంది. ఆ ఒక్క పిచికారీ మానుకుంటే డబ్బు మిగులుతుంది, పిందె నిలుస్తుంది. ఇలాంటి వాక్యం మొదట్లోనే ఉంటే కాగితం మీద నమ్మకం కుదురుతుంది.

మోతాదు డ్రమ్ము లెక్కలో రాయండి

నా దృష్టిలో మొత్తం కాగితంలో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది ఇదే. శాస్త్రవేత్తలు హెక్టారు లెక్కలోనో లీటరు లెక్కలోనో చెబుతారు. తోటలో రైతు కలిపేది మాత్రం 200 లీటర్ల డ్రమ్ములో. తేనెమంచు పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు అని సిఫారసు ఉంటే, దాన్ని అలాగే అచ్చు వేయకండి. ‘200 లీటర్ల డ్రమ్ముకు 60 మి.లీ.’ అని రాయండి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములైతే, ‘డ్రమ్ముకు 600 గ్రాములు’ అని రాయండి. ఆ రైతు నోటి లెక్క చేయలేక కాదు. తెల్లారి కూలీలు వచ్చి నిలబడి, మోటారు ఆడుతుంటే ఆ టెన్షన్‌లో లెక్క వేయడం ఎవరికైనా కష్టమే.

దశాంశ బిందువు అచ్చులో పోయే ప్రమాదం కూడా ఉంది. 0.3లో చుక్క ఎగిరిపోతే అది 3గా కనబడుతుంది, డ్రమ్ములో 60 పోయాల్సిన చోట 600 మి.లీ. పోస్తారు. డ్రమ్ము లెక్కలో రాస్తే ఆ చుక్కతో పనే లేదు. ‘రెండు మూతలు’ అని కూడా రాయొద్దు, సీసాను బట్టి మూత సైజు మారిపోతుంది. గీతలున్న కొలత గ్లాసు బొమ్మ వేసి, 60 గీత దగ్గర మందు మట్టం చూపించండి.

అంగడిలో కంపెనీ పేరుతో అమ్ముతారు, మనం రాసేది మందు అసలు పేరు. అది సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే సీసా బొమ్మ వేసి, ఆ పేరు ఉండే చోటికి ఒక బాణం గుర్తు పెట్టండి.

బొమ్మ సైజు

తేనెమంచు పురుగును అరచేయంత ఫోటో వేస్తే చూడటానికి బాగుంటుంది. కానీ అంత పురుగు తన తోటలో లేదనుకుని రైతు కాగితం మడిచి పెట్టేయొచ్చు. అసలు పురుగు బియ్యపు గింజ కంటే చిన్నది. పెద్ద ఫోటో పక్కన బియ్యపు గింజను, అసలు సైజు పురుగును పక్కపక్కనే వేయండి. పురుగు కంటే ముందు కంటికి కనబడేది దాని జాడ. ఆకుల మీద జిగట మెరుస్తుంది, తర్వాత దాని మీద నల్లటి మసి పడుతుంది, చెట్టు కిందికి పోతే పురుగులు ఎగురుతూ టపటప శబ్దం వస్తుంది. ఆ జిగట ఆకు ఫోటో తప్పనిసరి. ఫోటోలు మన తోటల్లోవే తీయండి, ఫోన్ చాలు. ఆకు వెనక తెల్ల కాగితం పెట్టి, పొద్దున పూట తీస్తే స్పష్టంగా వస్తుంది.

రంగు ఎప్పుడు కావాలో కూడా ఆలోచించాలి. అరకు, పాడేరు వైపు కాఫీ రైతుకు ‘ఎర్రగా పండిన పళ్లే కోయండి’ అని చెప్పాలంటే నలుపు తెలుపు కాగితంతో కుదరదు, అక్కడ చెప్పే విషయమే రంగు. కొమ్మల కత్తిరింపుకు మాత్రం ఫోటో కంటే గీత బొమ్మే నయం. ఏ కొమ్మ తీయాలో, ఎక్కడ కోయాలో ఒక అడ్డగీతతో తెలిసిపోతుంది, ఖర్చూ తక్కువ.

డీటీపీ దగ్గర

ఫోన్లో టైపు చేసి పంపిన తెలుగును డీటీపీ సెంటర్లో వాళ్లు వాడే ‘అను’ అనే పాత రకం ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు చెదిరిపోతాయి, కొన్నిచోట్ల అక్షరాలే మారిపోతాయి. కాబట్టి ప్రూఫ్ కాగితం మీద తీసుకుని, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతిలో సరిచూడండి. అంకెలు మాత్రం విడిగా మరోసారి చూడాలి.

అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడి, ఏత్వం ఉంటాయి కాబట్టి వరుసల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదలమనండి. పచ్చటి తోట ఫోటో మీద అక్షరాలు వేస్తామంటే ఒప్పుకోకండి, కళ్లజోడు లేని పెద్దాయన చదవలేడు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే రైతులున్నారు. అక్కడికి పంపేవాటిలో బొమ్మలు పెంచి మాటలు తగ్గించండి.

అచ్చుకు ముందు పరీక్ష

నాలుగైదు జిరాక్స్ ప్రతులు తీసి తోటలకు పొండి. ‘అర్థమైందా అన్నా?’ అని అడగొద్దు. మర్యాదకైనా ‘ఆ, బాగుంది’ అంటారు. కాగితం చేతికిచ్చి, ‘అన్నా, ఇది చూసి డ్రమ్ములో ఎంత పోస్తావో పోసి చూపించు’ అనండి, మందు బదులు నీళ్లతో. ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో, ఏ మాట దగ్గర కళ్లు వెనక్కి పోతాయో చూడండి. అక్కడే మార్చాలి. ‘పిచికారీ’ బదులు ‘మందు కొట్టడం’ అన్నది ఆయనే అందిస్తాడు. ఇంట్లో ఆడవాళ్లకూ చూపించండి. తోట పనిలో వాళ్ల చెయ్యి తక్కువేం లేదు, చాలా ఇళ్లలో కాగితం చదివి వినిపించేది కూడా కూతురో కోడలో.

ఈ పరీక్షకు ఒక పూట పడుతుంది. ఎవరైనా తొందరపెడితే అచ్చు రెండు రోజులు వాయిదా వేయండి గానీ ఇది మాత్రం వదలకండి.

అచ్చు, పంపకం

వంద, రెండు వందల ప్రతులకు డిజిటల్ ప్రింట్ చాలు. వేలల్లో కావాలంటే ఆఫ్‌సెట్ చవక. మడిస్తే చొక్కా జేబులో పట్టే సైజు మంచిది. మోటారు షెడ్డులో తగిలించేదైతే ల్యామినేషన్ చేయించి, పైన తాడుకు రంధ్రం పెట్టించండి. తడి చేత్తో పట్టుకున్నా పాడవదు.

సమావేశంలో కట్టలు కట్టలుగా పంచితే అవి కుర్చీల కిందే మిగిలిపోతాయి. మన జిల్లాలో రోజూ రెండు పూటలా రైతులు కలిసే చోటు పాల కేంద్రం. గోడపత్రిక అక్కడ అతికించండి. కరపత్రం మాత్రం పొలంబడిలో, అంటే తోటలోనే రైతులకు నేర్పే తరగతిలో, చెట్టు దగ్గర పని చేసి చూపించాక ఇవ్వండి. చేసి చూసిన పని గుర్తు చేయడానికి కాగితం బాగా పనికొస్తుంది. చూడని పనిని కాగితం ఒక్కటే నేర్పలేదు. మందుల అంగడి వాళ్లకూ ఒక ప్రతి ఇవ్వండి. రైతు అడిగే పేరు వాళ్లకు ముందే తెలిస్తే ‘అది లేదు, ఇది తీసుకో’ అనడం తగ్గుతుంది.

కింద మూలన నెల, సంవత్సరం

ప్రతి కాగితం మీద అచ్చు వేసిన నెల, సంవత్సరం ఉండాలి, ‘ఈ సీజన్‌కు మాత్రమే’ అని కూడా వేయించండి. మందుల సిఫారసులు మారుతుంటాయి. ఎండోసల్ఫాన్ అనే పురుగు మందును సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. అంతకుముందు అచ్చయిన కాగితం ఏ షెడ్డు గోడ మీదైనా ఉంటే అది ఇంకా ఆ మందే కొట్టమని చెబుతుంటుంది. కొత్తది తగిలించడానికి పోయినప్పుడు పాతది అడిగి తీసుకోండి. దాని మీద రైతు పెన్నుతో ఏమైనా రాసుకుని ఉంటే, తేదీయో ఖర్చో కూలి లెక్కో, ఫోటో తీసుకుని, పాత మందు సిఫారసు కొట్టేసి ఆయనది ఆయనకు ఇచ్చేయండి. ఆ రాతలకు చోటు చాలలేదనిపిస్తే వచ్చే ఏడాది కాగితం వెనక వైపు ఖాళీ గళ్లు వేయించండి: తేదీ, మందు, ఎన్ని డ్రమ్ములు, ఖర్చు.