డార్క్ కథల పుస్తకానికి పేరు పెట్టాలంటే ముందు ‘చీకటి’ని కొట్టేయండి

కథలన్నీ రాసేసి, ప్రూఫులు కూడా దిద్దేసి, ఇక పేరొక్కటే మిగిలింది అనుకుని అక్కడే ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేనూ అలాగే నాలుగు నెలలు ఆగిపోయా. మొత్తం పదకొండు కథలు, అన్నీ అప్పులూ చావులూ, ఇంట్లో నోరు మూసుకుని పడే బాధలూ. నోట్‌బుక్‌లో రాసుకున్న పేర్లు చూస్తే చీకటి, నెత్తురు, నీడ, శవం, మరణం, ఈ ఐదు మాటల్నే అటూ ఇటూ తిప్పి రాసినవి ఇరవై దాకా ఉన్నాయి. అవన్నీ ఒకరోజు కూర్చుని కొట్టేశా, మీరూ అదే చెయ్యండి.

ఎందుకంటే అట్ట మీదే చీకటి అని చెప్పేస్తే చదివేవాడు ముందే సర్దుకుని కూర్చుంటాడు, తర్వాత మీ కథ ఎంత లోతుకి వెళ్ళినా వాడికి ఆ దెబ్బ తగలదు. పైగా నల్ల అట్ట మీద ఎర్రక్షరాలు, దానికి తోడు నెత్తురు అనే పేరు కనిపిస్తే మన పాఠకుడు చేతబడి నవలేమో అనుకుంటాడు. అసలు చేతబడి నవలల్లోనే జనం ఇప్పటికీ తలుచుకునే పేరు ‘తులసిదళం’ కదా, పూజలో వాడే ఆకు పేరు అది. భయపెట్టే మాట ఒక్కటి కూడా లేదు అందులో.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ. చదవనివాళ్ళకి ఆ మాట వినగానే నెయ్యి, మంత్రాలు, హోమగుండం గుర్తొస్తాయి. అదేమో తరాల అప్పు కథ, చివరికి ఒక తండ్రి చేతిలో పసిబిడ్డ పోయే కథ. చదవడం అయ్యాక మళ్ళీ పేరు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. బలి అని పెట్టి ఉంటే ఆ పని జరిగేది కాదు. సంపుటి పేరు కూడా చూడండి, ‘యజ్ఞంతో తొమ్మిది’, 1995లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది దానికే. మిగతా కథల్ని తన వెనకాల నడిపించే కథ మీ దగ్గర ఒకటి ఉంటే మీరూ దాని పేరే పెట్టేయొచ్చు. కానీ నిజంగా ఉండాలి, పేరు బావుందని బలహీనమైన కథని ముందుకు తోస్తే పుస్తకం కొన్నవాడు మొదట దాన్నే తెరుస్తాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చెడుని పేరు పెట్టి పిలవకుండా తప్పించుకునే మాటలు మన ఇళ్ళల్లో ఇప్పటికే బోలెడున్నాయి. దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. పుస్తెలతాడు తెగితే పెరిగింది అంటారు. రాత్రిపూట పాముని పాము అనరు, పురుగు అంటారు. గడప దాటుతూ వెళ్తున్నా అంటే పెద్దవాళ్ళు ఊరుకుంటారా, వెళ్ళొస్తా అనాలి. శ్మశానంలో కుండ పగలగొట్టాక వెనక్కి తిరిగి చూడకు అంటారు. ఈ ఒక్కో మాట వెనకాలా భయం ఉంది, ఎన్ని తరాల నుంచి వస్తోందో తెలీదు గానీ ఉంది, మనం రోజూ అంటూ ఆ సంగతి మర్చిపోయాం అంతే. తిరిగిరాని మనుషుల కథలున్న పుస్తకానికి ‘వెళ్ళొస్తా’ అని ఉందనుకోండి, ఇంకేం కావాలి?

నాకు పేరు అలాగే దొరికింది. ఒక కథలో అమ్మ పొద్దున్నే వంటింట్లోంచి బియ్యం నిండుకున్నాయండీ అంటుంది. నాన్న మాట్లాడడు, మేకుకి తగిలించిన సంచీ తీసుకుని చెప్పులేసుకుని వెళ్తాడు. సాయంత్రం చేను గట్టు మీద ఆ సంచీ దొరుకుతుంది, అందులో పురుగుల మందు డబ్బా ఉంటుంది. ఆ వాక్యం నేనే రాశా, ఎన్నోసార్లు దిద్దా, అయినా అది పేరని తట్టలేదు. ‘నిండుకున్నాయి’ అంటే పైకి నిండుగా ఉన్నాయని, అసలు అర్థం ఏమీ లేవని. మిగతా పది కథలకీ అది సరిపోయింది.

కాబట్టి కథలన్నీ ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో కూర్చోండి. మీరు గొప్పగా వర్ణించిన చోట్లు వదిలేసి పాత్రలు మామూలుగా అన్న మాటల కింద గీత గీయండి. రెండుమూడు కథల్లోకి సరిపోయే మాట ఒకటి కచ్చితంగా ఉంటుంది.

సామెత వాడాలనుకుంటే సగంలో ఆపండి. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ పేరు చూడండి, పండగ కాదు అనే ముక్క రాయలేదు, దాన్ని మన మనసే పూర్తి చేసుకుంటుంది. తెలుగులో ఈ సౌకర్యం బాగా ఉంది, గానే, లోపు, దాకా అని ఆపేస్తే చాలు, తర్వాత ఏమైందో అని గుండె కొట్టుకుంటుంది. ఊరి పేరు పెట్టి కథలు అనడం మాత్రం ఇలాంటి పుస్తకానికి నేను వద్దంటా, ‘అమరావతి కథలు’ లాంటివి చదివి పెరిగినవాళ్ళం కదా, జ్ఞాపకాల తీపి ఉంటుందనుకుని కొంటారు.

రెండుమూడు పేర్లు మిగిలాక ఫోన్లో ఎవరికైనా చెప్పి చూడండి, సాహిత్యం వాళ్ళకి కాదు, ఇంట్లోవాళ్ళకి. ఏంటీ, మళ్ళీ చెప్పు అన్నారంటే ఆ పేరు పలకడానికి కష్టం, తమోగర్భం లాంటి సమాసాలన్నీ ఇక్కడే పోతాయి. నేను మా అమ్మకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత పుస్తకానికి ఆ మాటేంట్రా అంది. అప్పుడే ఖాయం చేసుకున్నా.

ఖాయం చేసేముందు శ్రీకాకుళం కథానిలయం, అంటే తెలుగు కథల్ని పోగేసే లైబ్రరీ, వాళ్ళ వెబ్‌సైట్లో ఒకసారి వెతకండి, ఆ పేరుతో కథ గానీ సంపుటి గానీ వచ్చి ఉంటే తెలిసే అవకాశం ఎక్కువ. ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఒట్టి పేరుకి కాపీరైట్ ఉండదని ‘దేశీ బాయ్స్’ సినిమా కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బతికున్న రచయిత బాగా పేరున్న పుస్తకం పేరు మళ్ళీ పెట్టడం నాకు మర్యాదనిపించదు. ఇంకోటి, ఆన్‌లైన్లో కొనేవాళ్ళు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు, పేరుని నలుగురికిచ్చి అలా రాయమనండి, నలుగురూ నాలుగు రకాలుగా రాస్తే వాటిలో తేలికైన స్పెల్లింగ్ ఒకటి ఎంచుకుని అట్ట వెనకాలా, అమ్మకం పేజీలోనూ, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) అప్లికేషన్లోనూ అదే వాడండి. ముందుమాటలో మాత్రం ఆ పేరెందుకు పెట్టారో రాయకండి, రాసేవాళ్ళకి కూడా రాయొద్దని ముందే చెప్పండి.