ఫ్రోజెన్ చికెన్ ప్యాకెట్‌పై లేబుల్ తప్పుంటే ఫిర్యాదు ఇలా

సాసేజ్, నగెట్స్, సలామీ ప్యాకెట్ల మీద ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు ప్యాకెట్‌ను, బిల్లును దాచిపెట్టండి. బ్యాచ్ నంబరు లేకపోతే ఏ సరుకు వెతకాలో ఫుడ్ సేఫ్టీ అధికారికి తెలియదు. ప్యాకెట్‌ను కత్తిరించాల్సివస్తే తేదీ, బ్యాచ్ ముద్రించిన అంచును మాత్రం కత్తిరించకుండా ఉంచండి.

చూడాల్సినవి ఇవి. మాంసాహారమని తెలిపే గుర్తు, అంటే గోధుమరంగు చతురస్రంలో అదే రంగు నిండిన త్రిభుజం ఉందా? 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు ఉందా? తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా? 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం 'బెస్ట్ బిఫోర్' ఒక్కటే వేస్తే సరిపోదు. ఆ తర్వాత పదార్థాల వరస చదవండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రావాలి. చికెన్ సాసేజ్‌లో సోయా, పాలపొడి, గోధుమపిండి కలుపుతుంటారు. అవి పడనివాళ్ల కోసం వాటిని విడిగా చెప్పి తీరాలి. ఈ వివరం లేకపోవడాన్ని మాత్రం చిన్న తప్పుగా వదిలేయకండి, అలర్జీ ఉన్న పిల్లలకు అది ప్రాణాపాయం.

కొట్టులో విడిగా కోసిచ్చే మాంసానికి ఈ లేబుల్ నియమాలు వర్తించవు. అక్కడ లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ కనిపించేలా పెట్టారో లేదో చూడండి. తూకం తగ్గినా, ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా ఫుడ్ సేఫ్టీ అధికారులకు కాదు, తూనికలు కొలతల శాఖకు చెప్పాలి.

ప్యాకెట్ నాలుగు వైపులా, తేదీ దగ్గరగా, బిల్లు ఫొటోలు తీసి ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టండి. 'క్వాలిటీ బాగాలేదు' అని రాస్తే లాభం లేదు. 'పదార్థాల్లో సోయా ప్రొటీన్ ఉంది, అలర్జీ హెచ్చరిక లేదు, బ్యాచ్ ఫలానా' అని రాయండి.

లేబుల్ మీది తప్పుకు ప్యాకెటే సాక్ష్యం. చికెన్ అని రాసి వేరే మాంసం కలిపారన్న అనుమానమైతే ల్యాబ్ పరీక్ష తప్పదు. అధికారి శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కు వెళుతుంది (తెలంగాణలో నాచారంలోని స్టేట్ ఫుడ్ ల్యాబ్). 14 రోజుల్లో రిపోర్టు రావాలి. దాని మీద వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అందుకే కేసు వెంటనే తేలదు.

మీరే పరీక్ష చేయించాలంటే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం సెక్షన్ 40 ఆ హక్కు ఇస్తోంది. కానీ పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే షాపువాళ్లకు చెప్పాలి. ఇంటికొచ్చాక అనుమానం వస్తే మళ్లీ వెళ్లి, ఆ మాట చెప్పి, అదే బ్యాచ్ ప్యాకెట్ ఇంకోటి కొనండి. ఫీజు కట్టాలి. సరుకు నిబంధనలకు విరుద్ధమని తేలితే ఆ ఫీజు తిరిగి వస్తుంది. ఫ్రోజెన్ సరుకైతే మధ్యలో కరగనివ్వకండి.

లేబుల్ తప్పు రుజువైతే సెక్షన్ 52 కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా పడుతుంది. దాన్ని తేల్చేది అడిషనల్ జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి. చర్యకు సాధారణ గడువు తప్పు జరిగిన రోజు నుంచి ఏడాది, కాబట్టి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకుని మధ్యమధ్య అడుగుతూ ఉండండి.