ప్యానెల్‌కి 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ ఏ సైజు తీసుకోవాలి?

చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో కంట్రోల్ ప్యానెళ్లు కట్టడం నా పని. మెషిన్ మాటిమాటికీ ఆగిపోతోందని పిలిస్తే వెళ్తాను. అప్పటికే పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) మార్చి ఉంటారు, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి ఉంటారు. చాలాసార్లు తప్పు వాటిలో ఉండదు. వాటికి కరెంట్ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే మెయిన్స్ ఏసీని 24 వోల్టుల డీసీగా మార్చే పెట్టె, చిన్నదై ఉంటుంది. సైజు లెక్క కట్టడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరూ పెట్టరు.

కావలసినవి: కాగితం, మల్టీమీటర్, దానికి తగిలించే టెంపరేచర్ ప్రోబ్, కొనబోయే మోడల్ డేటాషీట్ (కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల కాగితం). డేటాషీట్ దొరకని మోడల్ కొనవద్దు, చెన్నై ఎలక్ట్రానిక్స్ మార్కెట్ రిచీ స్ట్రీట్‌లో ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

1. లోడ్ రాయండి

24 వోల్టుల మీద నడిచే ప్రతి వస్తువునూ రాసి, పక్కన ఆంపియర్లు వేయండి. ఒక ప్యాకింగ్ మెషిన్ తీసుకుందాం. పీఎల్‌సీ, దాని కార్డులు కలిపి 0.6. హెచ్‌ఎంఐ (ఆపరేటర్ వాడే తెర) 0.5. సెన్సార్లు 16, ఒక్కోటి 30 మిల్లీఆంపియర్లు, అంటే 0.48. సోలెనాయిడ్ వాల్వులు (కరెంట్‌తో తెరుచుకుని మూసుకునేవి) 12, ఒక్కోటి 4.8 వాట్లు, అంటే 0.2 ఆంపియర్ చొప్పున 2.4. రిలేలు 20 కలిపి 0.2. మొత్తం 4.18 ఆంపియర్లు.

వాల్వులన్నీ ఒకేసారి ఆన్ కావు కదా అని తగ్గించి రాయకండి. ఏదో ఒక రోజు అవుతాయి. డీసీ మోటార్ ఉంటే అది స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంట్ నడిచేటప్పటికంటే చాలా ఎక్కువ. దాన్ని ఈ లిస్టులో కలపకుండా వేరే ఎస్‌ఎంపీఎస్ ఇవ్వాలి.

2. ఇన్‌పుట్ చూడండి

10 ఆంపియర్ల వరకు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ చాలు, అంతకంటే పెద్దవి త్రీ ఫేజ్‌లో కూడా దొరుకుతాయి. 115/230 స్విచ్ ఉన్న మోడల్ అయితే పవర్ ఇవ్వకముందే అది 230 మీద ఉందో లేదో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ బదులు ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) పెట్టుకుంటే గట్టిగా ఉంటుందని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. 24 వోల్టుల ఏసీని రెక్టిఫై చేసి కెపాసిటర్ పెడితే, లోడ్ లేనప్పుడు 32 వోల్టుల పైకే వెళ్తుంది. ఈ రోజుల్లో వచ్చే పీఎల్‌సీలు చాలావరకు 28.8 దాటితే ఒప్పుకోవు. ఆ పద్ధతి వదిలేయండి.

3. వేడి లెక్క: అందరూ తప్పేది ఇక్కడే

మార్కెట్లో నడిచే లెక్క, లోడ్‌కి 20 శాతం కలపడం. మన 4.18కి కలిపితే 5.02 వస్తుంది. 5 ఆంపియర్లది చాలు అనుకుని కొనేస్తారు. డిసెంబర్‌లో బిగిస్తే బాగానే నడుస్తుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మెషిన్ ఆగుతుంది, సాయంత్రానికి మళ్లీ దానంతటదే బాగవుతుంది.

లేబుల్ మీది 5 ఆంపియర్లు అన్ని వేడిమిల్లోనూ వచ్చేవి కావు. డేటాషీట్‌లో డీరేటింగ్ గ్రాఫ్ అని ఉంటుంది. చాలా మోడళ్లు 50 డిగ్రీల దాకా పూర్తి కరెంట్ ఇస్తాయి. అక్కడి నుంచి గీత దిగుతుంది, డిగ్రీకి రెండున్నర శాతం చొప్పున దిగేవి ఎక్కువ. కొన్నిటికి 40 దగ్గరే దిగడం మొదలవుతుంది. ఈ గ్రాఫ్ చూడకుండా ఎస్‌ఎంపీఎస్ కొనకండి.

ఇక్కడ 50 అంటే బయటి ఎండ కాదు, ప్యానెల్ లోపల ఎస్‌ఎంపీఎస్ పీల్చుకునే గాలి. దాన్ని కొలిచే పద్ధతి ఇది. ప్రోబ్‌ని ఎస్‌ఎంపీఎస్ అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి వేలాడదీయండి. పైన పెడితే అది వదిలే వేడి గాలిని కొలుస్తారు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో బాడీ మీద కొట్టి చూసే అంకె కూడా పనికిరాదు. తలుపు మూసి, వీఎఫ్‌డీలన్నీ (మోటార్ల వేగం మార్చే డ్రైవులు) లోడ్ మీద పెట్టి, మూడు గంటలు నడవనివ్వండి. తలుపు తీసి కొలిచిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

మీరు కొలిచే రోజు చల్లగా ఉండవచ్చు. అందుకే లోపలి వేడిలోంచి షెడ్డులోని వేడిని తీసేయండి. లోపల 45, బయట 28 అయితే తేడా 17. వీఎఫ్‌డీలు అవే, లోడ్ అదే అయితే ఈ తేడా పెద్దగా మారదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చెన్నైలో మే నెల మండుటెండల్ని అగ్ని నక్షత్రం అంటారు. అప్పుడు రేకుల షెడ్డులో 40 తేలిగ్గా ఉంటుంది. 40కి 17 కలిపితే 57. అంటే 50 దాటి ఏడు డిగ్రీలు, 17.5 శాతం కోత. 5 ఆంపియర్లది ఇవ్వగలిగేది 4.1 మాత్రమే. మనకు కావలసింది 4.18.

ఒక ఫ్యాక్టరీలో సరిగ్గా ఇలాగే రెండు పీఎల్‌సీలు మార్చారు. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం 24 ఉండాల్సిన చోట 19 వోల్టులు కనిపించాయి. అంతకుముందు ఎవరూ ఆ వేళ మల్టీమీటర్ పెట్టి చూడలేదు.

కాబట్టి 5 తర్వాతి సైజు, 10 ఆంపియర్లది తీసుకోవాలి. 57 డిగ్రీల్లో కూడా అది 8.25 ఇస్తుంది. డబ్బు వృథా అంటారు, కానీ సగం లోడ్ మీద నడిచేది తక్కువ వేడెక్కుతుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. ఆ లెక్క వేస్తే పెద్దదే చవక. చిన్నవి రెండు ప్యారలల్ చేయడం ఆ మోడల్‌లో అనుమతి ఉంటే తప్ప వద్దు.

4. బిగించడం

డిన్ రైల్ (ప్యానెల్‌లో పరికరాలు తగిలించే లోహపు పట్టీ) మీద నిలువుగా, పైనా కిందా 10 సెంటీమీటర్లు ఖాళీ. వీఎఫ్‌డీకి సరిగ్గా పైన ఎప్పుడూ వద్దు, దాని వేడంతా నేరుగా ఇందులోకే వస్తుంది. ఎర్త్ వేయండి. అవుట్‌పుట్‌లో 6 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ పెడితే షార్ట్ అయిన వెంటనే అది పడదు. దానికి రేటింగ్‌కి ఐదు రెట్లు, అంటే కనీసం 30 ఆంపియర్లు పైబడి కావాలి, ఈ ఎస్‌ఎంపీఎస్ అంత ఇవ్వలేదు. ఎలక్ట్రానిక్ బ్రేకర్ పెట్టండి.

5. చివరి కొలత

మిట్టమధ్యాహ్నం, తలుపు మూసి, లోడ్ మొత్తం ఆన్ చేసి, అన్నిటికంటే దూరంగా ఉన్న వాల్వు దగ్గర వోల్టేజీ చూడండి. 21.6 కంటే తగ్గకూడదు. 30 మీటర్ల దూరానికి 0.75 స్క్వేర్ ఎంఎం కేబుల్ మీద 2.4 ఆంపియర్లు పంపితే దారిలోనే మూడున్నర వోల్టులు పోతాయి. 1.5 స్క్వేర్‌కి మారిస్తే సగమే పోతాయి. ఎస్‌ఎంపీఎస్ మీది స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచి సరిపెట్టకండి. దగ్గరి పరికరాలకు వోల్టేజీ ఎక్కువవుతుంది, పెంచిన మేరకు ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలిగే ఆంపియర్లు కూడా తగ్గుతాయి.