పాముల పరిణామానికి శిలాజ సాక్ష్యాన్ని చదివే పద్ధతి

"కాళ్లున్న పాము దొరికింది", "ప్రపంచంలోకెల్లా పెద్ద పాము మన దేశంలోనే బతికింది" వంటి వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. వాటి వెనుక ఉన్న పరిశోధన చాలావరకు శ్రద్ధగా జరిగినదే అయినా, నిజంగా దొరికిన ఎముకకూ దాని ఆధారంగా చేసిన నిర్ధారణకూ మధ్య ఎంత దూరం ఉందో శీర్షిక చెప్పదు. ఆ దూరాన్ని పాఠకులే స్వయంగా అంచనా వేసుకోవచ్చు. అందుకు జంతుశాస్త్రంలో పట్టా అవసరం లేదు, ఏ ప్రశ్న ముందు అడగాలో తెలిస్తే చాలు.

మొదట అడగవలసిన ప్రశ్న, దొరికింది ఏ ఎముక అన్నది. చాలా జాతుల పాముల్లో వెన్నుపూసలు 200 నుంచి 400 వరకు ఉంటాయి. పుర్రె మాత్రం ఒక్కటే, అదీ వదులుగా కూడిన పలుచని ఎముకల సముదాయం కాబట్టి పాము చనిపోగానే విడిపోయి చెల్లాచెదురవుతుంది. అందువల్ల పాముల శిలాజాల్లో అత్యధిక భాగం విడివిడి వెన్నుపూసలే. వార్తలో "శిలాజం" అని మాత్రమే రాసి ఉంటే, అసలు పరిశోధన పత్రంలోని ఫొటోలను వెతికి, పుర్రె ఉందా, నడుము భాగం ఉందా, లేక పూసలు మాత్రమేనా అన్నది తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఒక వెన్నుపూస ఫొటో దొరికితే దాన్ని తొందరపడకుండా చూడండి. పూస ముందువైపు గుండ్రటి పల్లం, వెనుకవైపు ఆ పల్లంలో సరిపోయే బొడిపె ఉంటాయి. కానీ ఈ అమరిక చాలా బల్లుల్లోనూ ఉంది కనుక దీంతో ఏమీ తేలదు. వెన్నుపాము వెళ్లే రంధ్రానికి సరిగ్గా పైన, ముందువైపుకు పొడుచుకొచ్చిన మందపాటి ఎముక భాగాన్ని జైగోస్ఫీన్ అంటారు. అది తన ముందున్న పూస వెనుక భాగంలోని జైగాంట్రమ్ అనే గుంటలోకి దూరి కూర్చుంటుంది. పాము వెన్ను పక్కలకు ఎంత వంగినా మెలిపడకుండా నిలబడడానికి ఈ అదనపు కీలు ఒక ముఖ్య కారణం. ఇగువానాల వంటి కొన్ని బల్లుల్లోనూ ఇటువంటి కీలు ఉండడం వల్ల ఈ ఒక్క లక్షణాన్ని చూసి పాము అని తీర్పు చెప్పకూడదు. పక్కటెముక ఆనే చోటు ఆకారం, పైనున్న ముల్లు ఎత్తు, చిన్న చిన్న రంధ్రాల స్థానాలు అన్నీ కలిపి చూడాలి. ఉదాహరణకు మాడ్సోయిడ్ అనే అంతరించిన కుటుంబాన్ని, ముందు పల్లానికి ఇరుపక్కలా, వెనుక గుంటకు పక్కన ఉండే సన్నని రంధ్రాలను బట్టి గుర్తిస్తారు. గుజరాత్‌లో దొరికిన రెండు ప్రసిద్ధ పాములు, సనాజె ఇండికస్, వాసుకి ఇండికస్, ఈ కుటుంబానివే.

తరువాత, ఆ ఎముక ఏ రాతిలో దొరికిందో చూడండి. రాయి వయసు చెబుతుంది, జంతువు బతికిన చోటును కూడా కొంతవరకు చెబుతుంది. పాలస్తీనాలో రమల్లా దగ్గరి ఐన్ యబ్రూద్ సున్నపురాళ్లు ఒకప్పటి సముద్ర గర్భం. అక్కడ దొరికిన పాకీరాకిస్‌ను 1997లో వెనుక కాళ్లున్న పాముగా గుర్తించినప్పుడు, పాములు సముద్రంలోనే పుట్టాయన్న వాదానికి గొప్ప బలం వచ్చింది. 2006లో అర్జెంటీనాలోని రియో నెగ్రో ప్రాంతం నుంచి అపెస్తెగియా, జాహెర్ అనే శాస్త్రవేత్తలు వర్ణించిన, వెనుక కాళ్లున్న నజాష్ అనే పాము రాకతో ఆ వాదం బలహీనపడింది. ఎందుకంటే అది నేల మీద ఏర్పడిన రాళ్లలో దొరికింది, వయసు దాదాపు 9.5 కోట్ల సంవత్సరాలు. అంటే ఇంచుమించు ఒకే కాలంలో కాళ్లున్న పాములు సముద్రంలోనూ ఉన్నాయి, నేల మీదా ఉన్నాయి. శిలాజం దొరికిన చోటే ఆ వంశం పుట్టినచోటు అనుకోవడం ఎంత తొందరపాటో ఇక్కడ స్పష్టమవుతుంది.

కాళ్ల విషయానికి వస్తే, "కాళ్లున్నాయా" అన్న ప్రశ్న కంటే "ఆ కాళ్లు దేనికి అతుక్కుని ఉన్నాయి" అన్న ప్రశ్న ఎంతో విలువైనది. నేటి కొండచిలువకు కూడా మలద్వారం పక్కన రెండు చిన్న గోళ్లలాంటి ముళ్లు ఉంటాయి, లోపల తొడ ఎముక అవశేషమూ ఉంటుంది, కానీ అవి వెన్నుకు అతుక్కుని ఉండవు. నజాష్‌లో కటి ఎముకలు త్రికాస్థి (కటికి ఆనుకునే వెన్ను భాగం) ద్వారా వెన్నుకు కలిసి ఉన్నాయి, కాళ్లు పక్కటెముకల గూడుకు బయట ఉన్నాయి. అందుకే నా దృష్టిలో కాళ్లున్న పాములన్నిటిలోకీ ఎక్కువ బరువున్న సాక్ష్యం ఇదే. లెబనాన్‌లో దొరికిన యూపోడోఫిస్ కథ వేరు. అరమీటరు పొడవున్న ఆ పాములో ఒక కాలు మాత్రమే రాతి పైన కనిపించేది. 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం పుట్టించే శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో రాతి లోపలికి చూస్తే రెండో కాలు బయటపడింది. దాదాపు 2 సెంటీమీటర్ల ఆ కాలిలో తొడ, పిక్క, చీలమండ ఎముకలు ఉన్నాయి గాని వేళ్ల ఎముకలు లేవు. లోపలి నిర్మాణం మామూలు బల్లి కాలును పోలి ఉంది. కనుక కాలు తయారయ్యే తీరు మారకుండా, పెరుగుదల మందగించడం వల్లో, తొందరగా ఆగిపోవడం వల్లో అది చిన్నదైపోయిందని పరిశోధకులు భావించారు. ముందు కాళ్లతో, అందరూ అంగీకరించే పాము శిలాజం మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు.

కాళ్లు ఎంత ఆకర్షించినా, పుర్రె దొరికిన చోట ఎక్కువ సమయం దాని దగ్గరే గడపండి. బల్లుల్లో కాళ్లు పోగొట్టుకున్న వంశాలు చాలా ఉన్నాయి కాబట్టి కాళ్లు లేకపోవడం పాముకు గుర్తు కాదు. పాముకు అసలు గుర్తు ఎరను మింగడానికి విడివడి కదిలే దవడల అమరికలో ఉంది. 2019లో నజాష్‌కు చెందిన, నలగకుండా మిగిలిన పుర్రెలను మైక్రో సీటీ స్కాన్ చేసినప్పుడు, నేటి పాముల్లో దాదాపు కనిపించని చెంప ఎముక వాటిలో స్పష్టంగా కనిపించింది. పుర్రెలో ఏ ఎముక ముందు పోయింది, ఏది తర్వాత పోయింది అన్న వరుసను ఊహతో కాకుండా ఎముకతో చెప్పగలిగిన సందర్భం అది.

ఇక వివాదాలు. 2015లో బ్రెజిల్ శిలాజమైన టెట్రాపోడోఫిస్‌ను నాలుగు కాళ్ల పాముగా ప్రకటించారు. రాయి చీలినప్పుడు అస్థిపంజరం ఒక పలకలో, పుర్రె రెండో పలకలో ఉండిపోయాయి. 2021లో మరో బృందం, అస్థిపంజరం ఉన్న పలకలో మిగిలిన పుర్రె ముద్రను కూడా పరిశీలించి, అది పాము పుర్రె కాదనీ, ఈ జంతువు డాలికోసార్ అనే పొడవాటి సముద్రపు బల్లుల వంశానిదనీ వాదించింది. కాబట్టి శిలాజానికి రెండో పలక ఉందా, దాన్నీ చదివారా అని అడగడం అలవాటు చేసుకోండి. బ్రెజిల్‌లో 1942 నుంచి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. ఇది మాత్రం జర్మనీలోని మ్యూజియానికి ఎలా చేరిందన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. ఎక్కడ, ఎవరు తవ్వారో నమోదు కాని శిలాజం ఎంత అందంగా ఉన్నా సాక్ష్యంగా దాని విలువ తగ్గుతుంది. అదే 2015లో, 16.7 కోట్ల ఏళ్ల నాటి దవడ ముక్కల ఆధారంగా పాముల చరిత్రను జురాసిక్ కాలం దాకా వెనక్కి జరిపారు. 2025లో స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపం నుంచి వర్ణించిన, ఆ దవడ ముక్కల జంతువుల సమూహానికే చెందిన బ్రూగ్‌నాతెయిర్ అనే జంతువుకు పాము లాంటి వంకర పళ్లూ, కాళ్లున్న బల్లి శరీరమూ కలిసి ఉండడంతో ఆ నిర్ధారణ ఇప్పుడు గట్టిగా నిలబడడం లేదు.

పరిమాణం గురించిన అంకెలను విడిగా పరీక్షించండి. కచ్ఛ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన వాసుకిని 2024లో ఐఐటీ రూర్కీ శాస్త్రవేత్తలు దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ వర్ణించారు. చేతిలో ఉన్నవి 27 పూసలు, పుర్రె లేదు. పూస వెడల్పు నుంచి పొడవును లెక్కగట్టే ఒక పద్ధతిలో 10.9 నుంచి 12.2 మీటర్లు, మరో పద్ధతిలో 14.5 నుంచి 15.2 మీటర్లు వచ్చింది. వార్తల్లో ఎక్కువగా నిలిచింది 15 మీటర్లు మాత్రమే. అంచనా రెండు కొసలనూ, వాడిన పద్ధతినీ కలిపి చదివితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

ఈ సాక్ష్యంలో మన నేల వాటా కూడా ఉంది. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిపొరల నుంచి జాన్-క్లోడ్ రాజ్, జి.వి.ఆర్. ప్రసాద్ 1992లో ఇండోఫిస్ అనే చిన్న పామును వర్ణించారు. ఇలాంటి చోట్ల మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన గింజలంత ముక్కలను సూక్ష్మదర్శిని కింద ఏరితేనే పూసలు దొరుకుతాయి. అటువంటి పొరల్లో ఎముకలాంటిదేదైనా మీకు కనిపిస్తే దాన్ని పెకలించవద్దు. పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఏ పొరలో ఉందో కనిపించేలా కొంచెం దూరం నుంచి ఇంకొకటి తీయండి, ఫోన్‌లోని అక్షాంశ రేఖాంశాలను రాసుకుని, హైదరాబాద్‌లోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గానీ దగ్గరి విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి గానీ తెలియజేయండి.