పబ్‌మెడ్‌లో ఉద్దానం గురించి వెతికేటప్పుడు

శ్రీకాకుళం, విజయనగరంలో థీసిస్ రాస్తున్న పీజీలకూ, నర్సింగ్ పిల్లలకూ ఒక మాట. వైద్య పరిశోధన పేపర్లను వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్ 2020లో కొత్త రూపంలోకి మారింది. వెతకగానే ముందు కనిపించేవి కొత్త పేపర్లని అనుకోకండి. అది ‘బెస్ట్ మ్యాచ్’ వరుస, అంటే మీ మాటలకు దగ్గరగా ఉన్నవని అది లెక్కగట్టినవి. తాజావి కావాలంటే పైన సార్టింగ్ దగ్గర ‘మోస్ట్ రీసెంట్’ పెట్టుకోవాలి.

అసలు పని ‘అడ్వాన్స్‌డ్’ పేజీలో ఉంది. అక్కడ హిస్టరీలో మీ సెర్చ్ పక్కన ‘డీటెయిల్స్’ బాణం నొక్కండి. మీరు ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అని కొడితే, దాన్ని ఏయే మెష్ పదాలుగా (పేపర్లకు విషయాన్ని బట్టి తగిలించే నిర్ణీత పదాలు), ఏయే పర్యాయపదాలుగా విడదీసి వెతికిందో అంతా తెరుచుకుంటుంది. ప్రతి సెర్చ్‌కీ ఇది చూడటం అలవాటు చేసుకోండి, ఎంత గందరగోళమైనా ఇక్కడే విడిపోతుంది. కొటేషన్ గుర్తులు పెట్టినా, చివర నక్షత్రం గుర్తు పెట్టినా ఈ విడదీత ఆగిపోతుంది. అందుకే ఒక్కోసారి ఫలితాలు హఠాత్తుగా తగ్గిపోతాయి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం విషయానికొస్తే, ఇంగ్లిష్‌లో ఆ పేరును ఒకరు ‘హెచ్’ వేసి రాస్తారు, ఇంకొకరు వేయరు. రెండు స్పెల్లింగులూ మధ్యలో పెద్ద అక్షరాల ‘OR’ (లేదా) పెట్టి కొట్టండి. ఊరి పేరుతోనే ఆగిపోవద్దు. కారణం తెలియని కిడ్నీ జబ్బుపై శ్రీలంక, మధ్య అమెరికా పేపర్లు కూడా చదవాలి. కవిటి, సోంపేట రోగులను అర్థం చేసుకోవడానికి అవీ కావాలి.

బాగా కుదిరిన సెర్చ్‌ను ‘క్రియేట్ అలర్ట్’తో దాచుకుంటే కొత్త పేపర్లు మెయిల్‌కే వస్తాయి.