వర్గీకరణ, నామకరణం: పద్ధతిని అర్థం చేసుకుని, సొంతంగా ఒకటి తయారుచేసుకోవడం

ఏ వస్తువు విషయంలోనైనా మనకు రెండు ప్రశ్నలు వస్తాయి: ఇది ఏ కోవకు చెందినది, దీన్ని ఏమని పిలవాలి. మొదటిదానికి వర్గీకరణ జవాబు చెబుతుంది, రెండోదానికి నామకరణం. ఈ రెండూ కలిసి నడుస్తాయి కాబట్టి చాలామంది వాటిని ఒకటిగానే ఎంచి, వర్గానికి చెందిన వివరాలన్నీ పేరులోనే కుక్కేస్తారు. పద్ధతులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. వర్గం వెతుక్కోవడానికి, పేరు గుర్తుపట్టడానికి. మన అవగాహన పెరిగినకొద్దీ వర్గం మారవచ్చు గాని, పేరు వీలైనంతవరకు నిలకడగా ఉండాలి.

ఇది ఎంత ముఖ్యమో టమాటా మొక్క చరిత్ర చెబుతుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి సోలానమ్ లైకోపెర్సికమ్ అని పేరు పెట్టాడు. ఇందులో మొదటి మాట ప్రజాతిని (దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపును), రెండో మాటతో కలిసి మొత్తం పేరు జాతిని సూచిస్తాయి. వంగ, బంగాళాదుంప కూడా సోలానమ్ ప్రజాతిలోనివే. 1768లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ మిల్లర్ టమాటాను వేరే ప్రజాతిలోకి మార్చి లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అన్నాడు, ఆ పేరే చాలాకాలం పుస్తకాల్లో చెలామణీ అయింది. ఇరవయ్యో శతాబ్దం చివర డీఎన్ఏ ఆధారాలు టమాటా సోలానమ్ ప్రజాతిలోనిదేనని బలంగా చూపడంతో లిన్నేయస్ పెట్టిన పేరు తిరిగి వాడుకలోకి వచ్చింది. మొక్కలో ఏ మార్పూ లేదు. పేరులో వర్గం ఇమిడి ఉండటం వల్ల వర్గం మారినప్పుడల్లా పేరూ మారింది. ఇలా రెండు మాటలతో పేరు పెట్టే ద్వినామ పద్ధతి మనకిచ్చే ప్రయోజనం గొప్పదే, ఎందుకంటే పేరు వినగానే మొక్క చుట్టరికం తెలిసిపోతుంది. అయితే ఆ ప్రయోజనానికి చెల్లించే మూల్యం ఇది. కాబట్టి ఏ జీవి గురించైనా పాత గ్రంథాలు వెతికేటప్పుడు ప్రస్తుత శాస్త్రీయ నామంతో పాటు దాని పర్యాయ నామాలను, అంటే అదే జీవికి పెట్టిన ఇతర శాస్త్రీయ నామాలను కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన దారి రసాయనాల సీఏఎస్ సంఖ్యలది, అంటే కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ అనే సంస్థ ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలది. నీటి సంఖ్య 7732-18-5. అది ద్రవమని గాని, అందులో ఆక్సిజన్ ఉందని గాని ఈ సంఖ్య చెప్పదు. అయితే చివరి అంకె తప్పులను పట్టుకుంటుంది: మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6తో గుణించి కూడితే 105 వస్తుంది, దాని చివరి అంకె 5. ఎవరైనా ఒక అంకె తప్పుగా రాస్తే చాలాసార్లు ఈ లెక్క కుదరదు. వేల వస్తువులను నమోదు చేయవలసినవారికి నా సలహా ఇదే: గుర్తింపు సంఖ్యకు అర్థం అంటగట్టకండి, అర్థమంతా వర్గాలకు వదిలేయండి.

ఇక సొంత పద్ధతి తయారుచేసుకునేటప్పుడు ముందు తేల్చుకోవలసింది ప్రయోజనం. తిమింగలం నివాసాన్ని బట్టి చూస్తే చేపల పక్కన, వంశాన్ని బట్టి చూస్తే క్షీరదాలలో చేరుతుంది. ఎవరు, ఏమి వెతకడానికి వస్తారన్నదే ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలో నిర్ణయిస్తుంది. తర్వాత ఒక మెట్టుకు ఒకే ప్రాతిపదిక పెట్టుకోవాలి. ఉత్తరాలు, బిల్లులు, గత ఏడాదివి, ముఖ్యమైనవి అని నాలుగు అరలు చేస్తే, గత ఏడాది వచ్చిన ముఖ్యమైన బిల్లు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. కాగితం రకం ఒక మెట్టు, సంవత్సరం దాని కింది మెట్టు అయితే చిక్కు తీరుతుంది. "ఇతరములు" అనే అర తప్పదు గాని, అది మిగతా అరలకంటే లావుగా పెరిగితే లోపం వస్తువులది కాదు, మన విభజనది.

మెట్లు దిగే పద్ధతికి మంచి నమూనా గ్రంథాలయ పుస్తకాల కోసం 1876లో అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ ప్రచురించిన దశాంశ వర్గీకరణ: 500 ప్రకృతి శాస్త్రాలు, 590 జంతువులు, 598 పక్షులు. అంకె అంకెకూ విషయం సన్నబడుతుంది. కాని ఒక పుస్తకం ఏకకాలంలో నాలుగు విషయాలకు సంబంధించినదైతే ఈ చెట్టులో ఏదో ఒక కొమ్మనే ఎంచుకోవాలి. భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణ ఈ ఇబ్బందిని మరోవిధంగా పరిష్కరించింది. విషయాన్ని ముందే కట్టిన పెట్టెల్లో వేయకుండా, దాని స్థలం, కాలం, పదార్థం వంటి ముఖాలను విడివిడిగా గుర్తించి, ఆపైన విరామచిహ్నాలతో కలుపుతుంది. నేటి వెబ్‌సైట్లలో రంగు, పరిమాణం, ధర అంటూ ఒక్కొక్కటిగా వడగట్టే సౌకర్యం వెనుక ఉన్నది ఇదే ఆలోచన. నా అభిప్రాయంలో వస్తువులు భౌతికంగా ఒకే చోట ఉండవలసి వస్తే చెట్టు మంచిది, కంప్యూటర్‌లో వెతికేవైతే ముఖాలు మంచివి.

పేర్ల విషయంలో చిన్న జాగ్రత్తలే పెద్ద నష్టాలను ఆపుతాయి. తేదీని 2024-03-07 అని సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. అక్షరక్రమంలో అమర్చే చోట "నివేదిక-10" అనేది "నివేదిక-2" కంటే ముందు వస్తుంది, అందుకే 02, 10 అని సున్నా చేర్చి రాయాలి. పేరు ఏ సాధనం గుండా వెళుతుందో కూడా చూడాలి. మార్చ్1, సెప్ట్1 అనే మానవ జన్యువుల పేర్లను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తూ ఉండటంతో, మానవ జన్యు నామకరణ కమిటీ వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చవలసి వచ్చింది.

పద్ధతి సిద్ధమయ్యాక దాన్ని ఎరుగని ఒకరికి పది వస్తువులిచ్చి, రాతలో ఉన్న నియమాలను మాత్రమే చూసి సర్దమనండి. వారు తడబడిన ప్రతిచోటా నియమాన్ని తిరగరాయండి. ఆ తర్వాత ఏ పేరు మార్చినా పాత పేరు, కొత్త పేరు, మార్చిన తేదీ ఒకే పట్టికలో ఉంచండి. వాడుక నుంచి తీసేసిన సంఖ్యను మరో వస్తువుకు ఎన్నడూ ఇవ్వకండి, ఎందుకంటే పాత కాగితాల్లో అది ఇంకా మొదటి వస్తువునే సూచిస్తూ ఉంటుంది.